ఉల్లికోడును గెలిచిన ఈశ్వరకోర



వరంగల్లు నుండి బయలుదేరి ములుగు, పస్రా, తాడ్వాయి దాటి పోతే, దారికి రెండు వైపులా అడవి దట్టమవుతుంది. ఆ అడవి దారిన పోయి పోయి గోదావరి ఒడ్డుకు చేరేచోట ఏటూరునాగారం ఉన్నది. మా తరం వాళ్లు బడిలో భూగోళం చదువుకున్నప్పుడు అది వరంగల్లు జిల్లా ఊరు. 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి వచ్చింది. అక్కడి అడవిని 1952లోనే వన్యమృగాలకు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

ఆ దారిన బస్సులో పోయే పిల్లలకు ఒక సందేహం రావాలి. అడవి పక్కనే మిరప చేలు, పత్తి చేలు, వరి మడులు ఉంటాయి. చేలలో రైతు వీపున డబ్బా కట్టుకుని పురుగుమందు చల్లుతూ ఉంటాడు. మరి పక్కనున్న అడవికి ఎవరు మందు చల్లుతున్నారు? అంత పెద్ద అడవిని పురుగులు ఎందుకు తినివేయలేదు?

అడవిలో పురుగులు లేకపోలేదు. ఒక టేకు ఆకు కోసి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి, జల్లెడలా కన్నాలు కనబడతాయి. కాని టేకు ఆకును తినే పురుగుకు పక్కనున్న మద్ది ఆకు రుచించదు. మద్ది పక్కన ఇప్ప, ఇప్ప పక్కన తునికి, దాని పక్కన వెదురు పొద. ఒక చెట్టును తిన్న పురుగు రెండవ చెట్టును వెతుక్కుంటూ పోవాలి. ఇంకొక సంగతి కూడా ఉన్నది. గింజ మొలిచి పెరిగిన రెండు తునికి చెట్లు ఒక్కలాగే ఉండవు. అన్నదమ్ములు కూడా అచ్చం ఒక్కలాగే ఉండరు కదా! ఒక చెట్టుకు పట్టిన తెగులు దాని తోడబుట్టిన చెట్టుకు పట్టకపోవచ్చు.

వరి మడి సంగతి అట్లా కాదు. ఎకరం మడిలో లక్షకు పైగా దుబ్బులు ఉంటాయి. అన్నీ ఒకే రకం. అన్నీ ఒకే రోజున నాటినవి. వాటిలో ఒక దుబ్బును జయించడం నేర్చుకున్న పురుగు మడి మొత్తాన్ని జయించినట్టే. ఐర్లండు దేశంలో పేదలు ఎక్కువగా ఒకే రకం బంగాళాదుంపను నమ్ముకుని బతికేవారు. 1845లో ఆ దుంపకు ఒక తెగులు పట్టింది. తరువాతి ఏళ్లలో వచ్చిన కరువులో ఇంచుమించు 10 లక్షల మంది చనిపోయారు.

మన ఓరుగల్లు ప్రాంతపు వరికి కూడా అటువంటి శత్రువు ఒకటి ఉన్నది. దాని పేరు ఉల్లికోడు. తెలంగాణలో వానాకాలపు వరి వేసే రైతులకు దాని సంగతి కొత్త కాదు. మీ తాతగారిని అడిగితే ఇంకా బాగా చెబుతారు.

ఉల్లికోడు తెచ్చే ఈగ చూడడానికి దోమంత ఉంటుంది, కాళ్లు పొడుగు, పొట్ట ఎర్రగా ఉంటుంది. రాత్రిపూట ఎగురుతుంది. ఆడ ఈగ వరి ఆకుల మీద వందకు పైగా గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజులకు గుడ్డు పగిలి, కంటికి సరిగా ఆనని పిల్లపురుగు బయటికి వస్తుంది. ఆకు మీద మంచు తడిగాని, వాన తడిగాని ఉండాలి, లేకపోతే అది పాకలేదు. అందుకనే మబ్బు పట్టి ముసురుగా ఉన్న రోజులంటే దానికి పండుగ. తడిలో జారుకుంటూ, ఆకు తొడిమకు కాండానికి మధ్యనున్న సందులోంచి కిందికి దిగి, పిలక మొవ్వు దగ్గరికి చేరుతుంది. అక్కడ కూర్చుని తినడం మొదలుపెడుతుంది.

ఇక్కడే చిత్రం జరుగుతుంది. పురుగు తింటున్న చోట మొక్క తన కొత్త ఆకును ఆకులా పెంచడం మానేస్తుంది. అది చుట్టుకుపోయి ఉల్లికాడలా బోలుగా, వెండి రంగులో, జానెడు పొడుగున పైకి వస్తుంది. ఉల్లికోడు అనే పేరు అందుకే వచ్చింది. పురుగుకు ఆ గొట్టమే ఇల్లు. ఎదిగిన తరువాత అది గొట్టం లోపలే పైకి పాకి, కొన దగ్గర కన్నం చేసుకుని, రాత్రివేళ ఈగగా మారి ఎగిరిపోతుంది. తెల్లవారి చూస్తే అది విడిచిన పొర ఆ కన్నంలో ఇరుక్కుని కనబడుతుంది. గొట్టంగా మారిన పిలకకు వెన్ను రాదు. వెన్ను రాకపోతే గింజ ఎక్కడిది? మొక్క పాపం ఇంకొక పిలక వేస్తుంది. కొత్త పిలకలోకి మరొక పురుగు దిగుతుంది. చేను చూడబోతే పచ్చగా, గుబురుగా ఉంటుంది, కోత కోయబోతే గడ్డి తప్ప వడ్లు ఉండవు.

మందు చల్లరాదా అంటారా? పురుగు గొట్టం లోపల ఉన్నది, మందు పైన పడుతుంది. పైగా ఉల్లికోడు పిల్లపురుగులను వేటాడే చిన్న కందిరీగ జాతి ఒకటి ఉన్నది. అది చీమ తలకాయంత కూడా ఉండదు. ఉల్లికోడు పురుగు ఒంట్లోనే తన పిల్లలను పెంచుతుంది. మనం విచ్చలవిడిగా మందు చల్లితే గొట్టంలో దాగిన దొంగ బతికిపోతుంది, బయట తిరిగే కావలివాడు చచ్చిపోతాడు.

అతిగా మందు చల్లడం వల్ల ఏమవుతుందో వరంగల్లు జిల్లా ఒకసారి కళ్లారా చూసింది. 1997–98లో పత్తి చేలను లద్దెపురుగు ముంచివేసింది. రైతులు అప్పులు చేసి మందు మీద మందు చల్లారు. పురుగులు చావలేదు, అప్పులు తీరలేదు. ఆ సంవత్సరం అనేక కుటుంబాలు ఇంటి పెద్దలను పోగొట్టుకున్నాయి. ఇది పిల్లల పత్రికలో రాయవలసిన సంగతేనా అని కొందరు తల్లిదండ్రులు అడగవచ్చు. ఆ ఇళ్లలో కూడా పిల్లలు ఉన్నారు కదా. రాయవలసిందేనని నా అభిప్రాయం.

అట్లా ఉంటే, మందు చేరలేని గొట్టంలోకి ఏది చేరగలదు? మొక్క ఒంట్లోని రసం చేరగలదు. మొక్క తనంతట తనే పురుగును చంపగలిగితే రైతుకు బెంగ లేదు. అటువంటి వరి ఎక్కడైనా ఉన్నదా?

ఉన్నది. దాని పేరు ఈశ్వరకోర.

ఈశ్వరకోర మన తెలుగునేల మీద పాతకాలపు రైతులు వేసుకున్న నాటు వరి. దానిని ఏ శాస్త్రజ్ఞుడూ తయారు చేయలేదు. తాతలు, ముత్తాతలు ఏటేటా మంచి వెన్నులు ఏరి, విత్తనం కట్టి, మళ్లీ చల్లి కాపాడుకుంటూ వచ్చారు. ఉల్లికోడు ఈగ దాని మీద కూడా గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు లోపలికి దిగుతుంది కూడా. కాని నాలుగు రోజులు తిరగకుండానే అక్కడే చచ్చిపోతుంది. గొట్టం రాదు, వెన్ను చక్కగా వస్తుంది.

పురుగును తట్టుకునే వరిని పట్టుకునే పద్ధతి తెలుసుకుంటే మీకు నవ్వు వస్తుంది. రైతు ఏది చేయకూడదో శాస్త్రజ్ఞుడు అదే చేస్తాడు. ఉల్లికోడు ఎక్కువగా వచ్చే ఊరు చూసి, అది బాగా ముమ్మరించే రోజులకు సరిపోయేటట్టు కావాలనే ఆలస్యంగా నాటుతాడు. ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క రకం. మధ్య మధ్య పురుగుకు ఇష్టమైన రకం ఒక వరుస, వచ్చిన పురుగు వెళ్లిపోకుండా. మందు చుక్క కూడా చల్లడు. తరువాత ప్రతి దుబ్బు దగ్గరా వంగి, ఎన్ని పిలకలు ఉన్నవి, ఎన్ని గొట్టాలు వచ్చినవి అని లెక్క రాసుకుంటాడు. అందరూ ఓడిపోయిన చోట ఎవరు నిలబడ్డారో చూడాలి. ఓరుగల్లు ప్రాంతం ఉల్లికోడుకు పుట్టిల్లు వంటిది కనుక, ఈ పనికి వరంగల్లులోని వరి పరిశోధన కేంద్రం సరిగ్గా తగిన చోటయింది.

ఈశ్వరకోరనే అందరూ వేసుకుంటే సరిపోదా? సరిపోదు. ఒక మంచి గుణం ఉన్నంత మాత్రాన పాత వరులలో అన్ని మంచి గుణాలూ ఉండవు. అందుచేత శాస్త్రజ్ఞులు దానికి పెళ్లి చేశారు! పశ్చిమ గోదావరి జిల్లాలో మారుటేరు అనే ఊరు ఉన్నది. అక్కడి వరి పరిశోధన కేంద్రం 1925 నాటిది. అక్కడి రకం ఒకటి, ఎంటీయూ 15, పెళ్లికి ఒక వైపు. ఈశ్వరకోర రెండవ వైపు.

వరికి పెళ్లి చేయడం ఎట్లాగో చెబుతాను, శ్రద్ధగా వినండి. వరి పువ్వు మీరు చూసే ఉంటారు గాని, అది పువ్వు అని అనుకుని ఉండరు. వెన్ను మీద ఉన్న ప్రతి పచ్చి పొట్టూ ఒక పువ్వే. పొట్టులోపల ఆరు కేసరాలు, వాటి నడుమ ఈకల వంటి రెండు కీలాగ్రాలు ఉంటాయి. ఉదయం పది గంటల వేళ పొట్టు నోరు తెరుస్తుంది. తెరిచే సమయానికే దాని పుప్పొడి దాని కీలాగ్రం మీదనే రాలుతుంది. గంట, రెండు గంటల్లో మళ్లీ మూసుకుంటుంది. అంటే వరికి బయటి సంబంధం అక్కరలేదు. మనం చేయాలంటే అది నోరు తెరవకముందే చేయాలి.

ముందు రోజు సాయంత్రం తల్లిగా ఎంచుకున్న వెన్నును తీసుకుని, ఒక్కొక్క పొట్టు కొనను చిన్న కత్తెరతో ఏటవాలుగా కత్తిరిస్తారు. సన్నని పట్టకారు లోపలికి పెట్టి ఆరు కేసరాలనూ తీసివేస్తారు. ఐదు తీసి ఒకటి వదిలితే పని చెడినట్టే. కీలాగ్రానికి గోరు తగలకూడదు. అట్లా ఒక వెన్నులో ముప్ఫయి, నలభై పువ్వులు చేసి, పైన కాగితపు సంచి తొడుగుతారు. మరునాడు ఉదయం తండ్రి రకం వెన్ను పూత విప్పగానే దానిని తెచ్చి, సంచి కొన విప్పి, పుప్పొడి దులుపుతారు. ఆలస్యం చేయడానికి లేదు. వరి పుప్పొడి ప్రాణం అయిదు నిమిషాలే. నెల రోజులకు గింజ పండుతుంది. కొన కత్తిరించిన పొట్టులోంచి బియ్యపు గింజ తల బయటపెట్టి ఉంటుంది. అది చూసి, ఇది సంకరం చేసిన గింజ అని గుర్తుపడతారు.

అంతటితో అయిపోలేదు. ఆ గింజలు నాటితే మొదటి తరం మొక్కలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. వాటి గింజలు నాటితే రెండవ తరంలో అసలు తమాషా కనబడుతుంది. పొట్టివి, పొడుగువి, ముందు పండేవి, వెనుక పండేవి, తండ్రి పోలిక, తల్లి పోలిక, ఎవరి పోలికా కానివి, సంత జరిగినట్టు ఉంటుంది. ఈశ్వరకోర తన బిడ్డలకు ఇచ్చిన ఉల్లికోడు గుణం మాత్రం ఒక లెక్క ప్రకారం వస్తుంది. ప్రతి నాలుగు మొక్కలలో ఇంచుమించు మూడింటిని పురుగు జయించలేదు. ఇట్లా లెక్క ప్రకారం తల్లిదండ్రుల నుండి పిల్లలకు దిగే గుణాల మూలాన్ని జన్యువు అంటారు. ఈశ్వరకోరలో ఉన్నదానికి జీఎం 1 అని పేరు పెట్టారు. వరి కణంలో 12 జతల క్రోమోసోములు ఉంటాయి. వాటిలో తొమ్మిదవ దానిమీద అది ఉన్నదని తరువాత తెలిసింది. మంచి మొక్కలు ఏరడం, వాటి గింజలు నాటడం, మళ్లీ ఏరడం, ఇట్లా ఆరేడు తరాలు. ఓపిక లేనివాళ్లు చేసే పని కాదు.

చివరకు తేలిన రకానికి వాళ్లు పెట్టిన పేరు డబ్ల్యూ 1263. డబ్ల్యూ అంటే వరంగల్లు. చప్పని పేరే, నేనూ ఒప్పుకుంటాను. కాని ఉల్లికోడు గురించి వరి శాస్త్రజ్ఞులు రాసిన పుస్తకాలలో ఈ చప్పని పేరు కనబడుతూనే ఉంటుంది. 1966లో ఐఆర్ 8 అనే పొట్టి వరి వచ్చింది. విపరీతంగా పండేది గాని ఉల్లికోడుకు లొంగిపోయేది. దానిని డబ్ల్యూ 1263తో కలిపితే కాకతీయ అనే రకం వచ్చింది. తరువాత వరంగల్లు కేంద్రం నుండి సురేఖ, పోతన, కావ్య వంటి రకాలు ఉల్లికోడును తట్టుకునేవి వచ్చాయి. కాకతీయులు ఏలిన ఊరు, పోతన పుట్టిన బమ్మెరకు దగ్గరి ఊరు కదా! వరికి కవి పేరు పెట్టడం నాకు ఎంతో నచ్చింది. అంకెల పేర్లు పిల్లలకు గుర్తుండవు.

ఉల్లికోడు గుణం ఈశ్వరకోర దగ్గర మాత్రమే లేదు. థాయిలాండు దేశపు పాత పేరు సయాం. అక్కడి నుండి వచ్చిన సయాం 29 అనే వరిలో వేరొక జన్యువు దొరికింది, జీఎం 2. దానిని ఐఆర్ 8తో కలిపి తీసిన ఫల్గుణ అనే రకం 1977లో విడుదలయింది. ఈ రెండు వరులూ పురుగును చంపుతాయి గాని, చంపే తీరు వేరు. ఫల్గుణలో పురుగు తగిలిన చోట మొక్క తన కణాలను తనే మాడ్చివేసుకుంటుంది. ఆ చోట గోధుమరంగు మచ్చ పడుతుంది. శత్రువు వస్తున్నాడని తెలిసి పొలిమేరలోని పంటను తామే తగులబెట్టి, వాడికి గింజ దొరక్కుండా చేసిన ఊరివాళ్ల కథ మీరు విని ఉంటారు. అటువంటిదే. డబ్ల్యూ 1263లో ఆ మచ్చ కనబడదు, పురుగు మాత్రం చస్తుంది.

ఇక శత్రువు పని అయిపోయిందనుకున్నారా? లేదు. 1980లలో శ్రీకాకుళం, విజయనగరం వైపు ఫల్గుణ చేలలో కూడా వెండి గొట్టాలు రాసాగాయి. ఈగ మారిపోయింది! కోట్ల ఈగలలో ఎక్కడో కొన్ని ఫల్గుణ రసాన్ని తట్టుకోగలిగినవి ఉంటాయి. చుట్టూ ఫల్గుణే వేస్తే మిగిలినవన్నీ చచ్చి అవే మిగులుతాయి. వాటి పిల్లలే తరువాతి ఏడు చేలను నింపుతాయి. ఇట్లా మన దేశంలో ఉల్లికోడు తెగలు ఏడు ఉన్నట్టు శాస్త్రజ్ఞులు గుర్తించారు. వరంగల్లులో కూడా పాత తెగ పోయి కొత్త తెగ వచ్చింది. పురుగుమందుల విషయంలో జరిగేదీ ఇదే.

మనవైపు కూడా కొత్త ఆయుధాలు కావాలి. వాటి కోసం మళ్లీ పాత నాటు వరులనే వెతికారు. ఇప్పటికి ఉల్లికోడును ఎదిరించే జన్యువులు పదికి పైగా తెలిశాయి. రెండేసి జన్యువులను ఒకే వరిలో చేర్చే పని కూడా హైదరాబాదులో జరుగుతున్నది. ఒక తాళం తీసిన దొంగకు రెండవ తాళం కూడా ఉంటే కష్టమే కదా. కాని ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆయుధాగారంలో ఆయుధాలు ఉంటేనే తీసుకోగలం. ఈశ్వరకోర పండించిన చివరి రైతు ఏదో ఒక ఏడు విసుగుపుట్టి విత్తనం వండుకుని తినేసి ఉంటే, ఆ జన్యువును ఏ రాజధానిలోనూ, ఏ ప్రయోగశాలలోనూ తయారు చేసేవాళ్లు లేరు.

నాటు వరుల కంటె కూడా వెనకటిది ఇంకొకటి ఉన్నది. దానిని ఎవరూ విత్తరు, ఎవరూ కోయరు. చెరువు అంచుల్లో, రోడ్డు పక్క గుంటల్లో దానంతట అదే మొలుస్తుంది. తెలుగులో దాని పేరు నివ్వరి. సంస్కృతంలో నీవారం. కణ్వమహర్షి ఆశ్రమంలో చెట్ల కింద ఈ నీవారపు గింజలు రాలి ఉన్నట్టు కాళిదాసు శాకుంతల నాటకంలో రాశాడు. దున్నని నేలలో పండేది కనుక మునులకు తగిన తిండి అని పెద్దలు అనుకున్నారు. 1965లో శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి అనే ఇద్దరు మన శాస్త్రజ్ఞులు దీనిని ప్రత్యేక జాతిగా వర్ణించి, ఒరైజా నివారా అని ఆ సంస్కృతపు పేరే పెట్టారు. ఆ ఏడే హైదరాబాదులో అఖిలభారత వరి పరిశోధన పథకం మొదలయింది. దానికి మొదటి నాయకుడు ఈ శాస్త్రిగారే.

రైతులకు నివ్వరి అంటే గిట్టదు. అది వరిలో కలిసి మొలిచి, పండగానే గింజ రాల్చి, మరుసటి ఏటికి మరింత కలుపవుతుంది. ఉల్లికోడు ఈగ కూడా పంట లేని రోజుల్లో దీని మీదనే బతుకుతుంది. అటువంటి పనికిమాలిన గడ్డి ఒకసారి ఆసియా ఖండపు వరిని కాపాడింది.

సుడిదోమ మోసుకువచ్చే ఒక వైరస్ తెగులు ఉన్నది. అది పట్టిన వరి గిడసబారి, వెన్ను వేయకుండా, ఉత్త గడ్డి దుబ్బులా మిగిలిపోతుంది. 1970ల నాటికి అది తూర్పు దేశాలలో విజృంభించింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు 6,000కు పైగా రకాలను పరీక్షించారు. ప్రపంచపు వరులన్నీ అక్కడికి వచ్చి వరుసగా పరీక్షకు కూర్చున్నట్టు ఊహించుకోండి. అన్నీ తప్పాయి. ఒక్కటే గట్టిగా నిలబడింది. అది ఉత్తరప్రదేశ్ నుండి వెళ్లిన నివ్వరి నమూనా. దాని గుణాన్ని చేర్చి మన దేశస్థుడే అయిన గుర్‌దేవ్ ఖుష్ అనే శాస్త్రజ్ఞుడు, అతని తోటివారు తీసిన ఐఆర్ 36 అనే వరి 1976లో విడుదలయింది. ఆ ఒక్క వరి వంశవృక్షంలో ఆరు దేశాలకు చెందిన 13 రకాలు ఉన్నాయి. 1980లలో ప్రపంచంలో అంతగా సాగయిన వరి మరొకటి లేదు.

ఆఫ్రికా గడ్డి ఒకటి మన ఇంటి అన్నంలోకి ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. సాంబ మసూరి అన్నం తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అది బాపట్లలో పుట్టిన వరి, 1986లో విడుదలయింది. సన్నని గింజ, మంచి రుచి, కాని ఒంటికి బలం లేదు. బాక్టీరియా ఎండాకు తెగులు దానికి ఇట్టే పట్టుకుంటుంది. వానగాలికి తెగులు ఒక ఆకునుంచి మరొక ఆకుకు పోతుంది. ఆకు అంచులు అలలు అలలుగా పసుపుపచ్చగా మారి, కొనలనుంచి ఎండిపోతాయి. దీనికి సరిగా పనిచేసే మందే లేదు! యూరియా ఎక్కువ వేసిన కొద్దీ తెగులు ముదురుతుంది.

పశ్చిమ ఆఫ్రికాలో మాలి అనే దేశం ఉన్నది. అక్కడి అడవి వరి ఒకదానికి ఈ తెగులు అంటదని తెలిసింది. దానిలోని జన్యువు పేరు ఎక్స్‌ఏ 21. మన దేశంలోను, బంగ్లాదేశ్‌లోను ఉన్న పాత వరులలో మరి రెండు జన్యువులు దొరికాయి. హైదరాబాదులోని సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి, ఈ మూడింటినీ సాంబ మసూరిలోకి చేర్చాయి. అక్కడ చేసింది కూడా పెళ్లే. పుట్టిన బిడ్డను మళ్లీ సాంబ మసూరితోనే కలిపారు, దాని బిడ్డను మళ్లీ, ఇట్లా నాలుగు తరాలు. అందువల్ల రుచి, గింజ సాంబ మసూరివి, తెగులును ఆపే గుణాలు మాత్రం ఆ మూడింటివి అయ్యాయి. ఈ తడవ ఒక సదుపాయం ఉన్నది. తెగులు వచ్చేదాకా కాచుకోకుండా, లేత ఆకు ముక్క తీసి దానిలోని డీఎన్‌ఏను పరీక్షించి, ఏ మొక్కలో మూడు జన్యువులూ ఉన్నాయో ముందే తెలుసుకున్నారు. 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలయింది. ఎండాకు తెగులు ఉన్న మడిలో పాత సాంబ మసూరి ఎండిపోయి, పక్క మడిలో ఇది పచ్చగా ఉంటుంది.

అయితే ఇటువంటి వరులు వేస్తే రైతుకు ఇక ఏ బాధా ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉల్లికోడును తట్టుకునే వరి సుడిదోమకు లొంగవచ్చు. ఎండాకు తెగులును తట్టుకునే వరికి అగ్గితెగులు రావచ్చు. మంచి విత్తనంతో పాటు మంచి వ్యవసాయం కూడా ఉండాలి. జనగామ దగ్గర ఏనబావి అనే చిన్న ఊరివాళ్లు రసాయనపు మందులు పూర్తిగా మానివేసి, 2006లో ఆ సంగతి ఊరంతా కలిసి ప్రకటించారు. అప్పటికి అదీ వరంగల్లు జిల్లాయే.

చైనాలోని యునాన్ రాష్ట్రపు రైతులు ఇంకొక ఉపాయం చేశారు. అక్కడ జిగురు వరికి అగ్గితెగులు ఎక్కువ. 1998, 1999 సంవత్సరాలలో వేలాదిమంది రైతులు జిగురు వరిని ఒంటరిగా నాటకుండా, తెగులును తట్టుకునే వేరే వరి వరుసల మధ్య నాటారు. జిగురు వరిలో అగ్గితెగులు నూటికి 94 పాళ్లు తగ్గిపోయింది! రెండవ ఏడు చివరకు మందు చల్లడం మానేశారు. మన అడవిలో టేకు పక్కన మద్ది ఉన్నట్టే గదా ఇదీ. ఏటూరునాగారం వైపు కోయవాళ్ల పోడు చేలలో పూర్వం జొన్న, సజ్జ, కంది, అనుము కలిపి విత్తడం చూసి, వీళ్లకు వ్యవసాయం రాదని నవ్వినవాళ్లు ఉన్నారు. యునాన్ సంగతి వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

విత్తనాలు మాయమైపోకుండా దాచే బ్యాంకులు కూడా ఉన్నాయి. మనీలా దగ్గరి వరి సంస్థలో లక్షకు పైగా వరి నమూనాలు ఉన్నాయి. ఢిల్లీలోని జాతీయ బ్యాంకులో గింజలను బాగా ఆరబెట్టి, రేకు సంచులలో మూసి, సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో ఉంచుతారు. అట్లా ఉంచితే ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తి పోదు. మంచిదే. కాని చలిలో ఉన్న గింజ నిద్రపోతూ ఉంటుంది, బయట ఈగ మేలుకుని ఉంటుంది. పొలంలో ఏటేటా మొలిచే విత్తనమే ఈగతో పాటు తనూ మారగలదు. అందువల్ల బ్యాంకు ఎంత అవసరమో, నాటు విత్తనం కట్టుకునే రైతు అంత అవసరం. కోయవాళ్లు విత్తులు చల్లడానికి ముందు విత్తనాలకే ఒక పండుగ చేస్తారు. మన ప్రభుత్వం కూడా 2001లో ఒక చట్టం చేసింది. తమ ఊళ్లో తరతరాలుగా కాపాడుకున్న రకాన్ని రైతులు తమ పేరనే నమోదు చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియని రైతులు చాలామంది ఉన్నారు. పిల్లలూ, మీ నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించండి.

మీరు స్వయంగా చూడదగినవి రెండు ఉన్నాయి. పత్తి చేనుకు పోయినప్పుడు వేరు వేరు రకాల ఆకులను వేలితో తడిమి చూడండి. కొన్ని నున్నగా ఉంటాయి, కొన్నింటి మీద నూగు ఉంటుంది. నూగు దట్టంగా ఉన్న ఆకు మీద పచ్చదోమ సరిగా నిలవలేదు, గుడ్డు పెట్టలేదు. ఏ మందూ లేకుండా ఆ నూగే కంచె. మందు చల్లిన చేనులోకి మాత్రం పోవద్దు.

రెండవది నివ్వరి. వానాకాలం చివర, చెరువులో నీరు తగ్గుతున్నప్పుడు అంచుల్లో వెతకండి. వరిలాగే ఉంటుంది గాని, గింజకు పొడుగాటి మీసం ఉంటుంది. ఆ మీసాన్ని కొననుంచి మొదలుకు రాస్తే వేలికి గరగర తగులుతుంది. గింజలు పండేదాకా ఆగి తెచ్చుకుందామనుకుంటే దొరకవు. పండీ పండకముందే రాలి బురదలో దాక్కుంటాయి. వెన్ను ఇంకా పచ్చగా ఉన్నప్పుడే దానికి పలచని గుడ్డ సంచి వదులుగా కట్టి రావాలి. పదిహేను రోజులు పోయాక వెళ్లి చూస్తే గింజలు సంచి అడుగున ఉంటాయి. వాటిని నీడన ఆరబెట్టి, కాగితపు పొట్లంలో కట్టి, దాని మీద ఊరి పేరు, చెరువు పేరు, తేదీ రాసి పెట్టండి.